అబ్బాయి గది: ఒక పాత ఇంట్లో కోడలి బస, మామగారి నిద్ర

పాత ఇళ్లలో గదులు మార్చి సర్దే పనిలో మాకు తరచూ ఎదురయ్యే పరిస్థితి ఒకటుంది. పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్లి పదేళ్లు దాటుతుంది, వాళ్ల గది మాత్రం ఇంటర్ చదివిన రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. కోడలో అల్లుడో పసిపిల్లతో వచ్చి నాలుగైదు వారాలు ఉండాల్సి వచ్చినప్పుడు గొడవ మొదలవుతుంది. అలాంటి ఇళ్లలో ఈ ఒక్కదాన్ని వివరంగా రాయడానికి కారణం, ఇంట్లో అందరూ చెప్పిన సమస్య ఒకటి, అసలు సమస్య ఇంకొకటి కావడమే. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఊరు, ఉద్యోగాలు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

కృష్ణా డెల్టాలో ఒక పట్టణం. 1990లలో కట్టిన ఇల్లు, పైన అద్దెకున్నవాళ్లు, కింద పెద్దవాళ్లిద్దరే. మామగారికి డెబ్భై దాటాయి, అత్తగారు అరవైల్లో ఉన్నారు. కొడుకు, కోడలు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు, వాళ్లకు రెండున్నరేళ్ల పాప. కూతురు పెళ్లై హైదరాబాద్‌లో ఉంది.

కింద మూడు పడకగదులు. పెద్దవాళ్ల గదికి ఆనుకుని స్నానాలగది ఉంది కానీ అందులో ఉన్నది కింద కూర్చునే దొడ్డి. కొడుకు గది 10 అడుగులకు 11 అడుగులు. దాని గుమ్మం పక్కనే నడవాలో ఉమ్మడి బాత్రూమ్, అందులో నాయనమ్మ చివరి రోజుల్లో పెట్టించిన వెస్టర్న్ కమోడ్. నడవాకు అవతల కూతురి గది, 9 అడుగులకు 10.

కొడుకు గదిలో టేకు సింగిల్ మంచం, రెండు ఇనప బీరువాలు, నాలుగు అరల పుస్తకాల రాక్, చదువుకునే బల్ల ఉన్నాయి. రాక్ నిండా ఎంపీసీ పుస్తకాలు, ఎంసెట్ మెటీరియల్, ఇంజినీరింగ్ జిరాక్సులు. గోడ మీద షీల్డులు, తలుపు వెనక పాత టైంటేబుల్. కూతురి గదిలో మాత్రం ఆమెది ఏ వస్తువూ కనిపించలేదు. పెళ్లైన ఏడాదికే అందులోకి రెండు బియ్యం డ్రమ్ములు, ఆవకాయ జాడీలు, కుట్టుమిషన్, పెళ్లిళ్లకు తీసే పెద్ద గిన్నెలు చేరిపోయాయి. ఈ తేడా చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఇంటివాళ్లకు మాత్రం అది తేడాగా తోచదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

రెండేళ్ల కిందట కొడుకు, కోడలు, అప్పటికి నెలల పాప వచ్చి ఆ గదిలోనే ఉన్నారు. సింగిల్ మంచం మీద కోడలు, పాప, కింద చాప మీద కొడుకు. పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. పన్నెండో రోజున కోడలు పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మిగిలిన రోజులన్నీ ఫోన్లలో నిష్ఠూరాలే.

ఈసారి డిసెంబరు రెండో వారంలో వచ్చి సంక్రాంతి చేసుకుని వెళ్లాలని అనుకున్నారు. గది ఖాళీ చేయించి పెద్ద మంచం వేయిస్తానని కొడుకు అంటే తల్లి ఒప్పుకోలేదు. "గది కదపొద్దు. మీరు హాల్లో పరుపులు వేసుకోండి, లేదా వాళ్ల అమ్మావాళ్లింట్లో ఉండి ఇక్కడికి వచ్చిపోతూ ఉండండి" అని చెప్పేసింది. అమ్మకు తన భార్య కన్నా పాత పుస్తకాలే ఎక్కువయ్యాయని కొడుక్కి తోచింది. ఈ ఇంట్లో తనకు చోటు లేదని కోడలు నిర్ణయించుకుంది. అక్టోబరు చివర్లో కొడుకు మాకు ఫోన్ చేసినప్పుడు అడిగింది ఒక్కటే: "మా అమ్మను ఎలాగైనా ఒప్పించి ఆ గది ఖాళీ చేయించండి."

అప్పటికే చేసి చూసినవి

దసరాకు కూతురు వచ్చి సర్దడానికి కూర్చుంది. ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని మూడు కుప్పలు. రోజంతా కష్టపడితే పారేసే కుప్ప ఒక సంచి అయింది, మర్నాటికి అందులో సగం మళ్లీ రాక్‌లోకి వచ్చేసింది. ఈ పద్ధతి పెద్దవాళ్ల ఇళ్లలో ఎందుకు నిలవదంటే, ఒక్కో వస్తువూ చేతికిచ్చి "ఇది కావాలా?" అని అడిగితే "ఉండనీ" అనడమే తేలిక. పారేయడానికి కారణం వెతుక్కోవాలి, ఉంచడానికి ఏ కారణమూ అక్కర్లేదు. రెండు వందల వస్తువులుంటే ఆ తల్లి రెండు వందల సార్లు కొడుకు వస్తువును కాదనాలి.

కొడుకు అమెరికా నుంచే క్వీన్ సైజు మంచం ఆర్డర్ పెట్టాడు. పరుపు 60 అంగుళాలకు 78. చట్రంతో కలిపి 66కు 84 అవుతుంది. గది పొడవు 132 అంగుళాల్లో మంచానికి పోగా కాళ్లవైపు 48 మిగులుతుంది. బీరువా లోతు 19, తెరిచిన తలుపు 18. మనిషి నిలబడడానికి 11 అంగుళాలే దక్కుతాయి. అయితే ఆర్డర్ రద్దయింది కొలతల వల్ల కాదు. "పాత మంచం భోగిమంటలోకా?" అని తల్లి అడిగింది, ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇంటికి వెళ్లి చూశాక

గది కొలిచే ముందు అందులో ఏం జరుగుతోందో చూడడం మా పద్ధతి. ఏళ్లుగా ఎవరూ వాడని గదికి కొన్ని గుర్తులుంటాయి: ఫ్యాను రెక్కల పైన మందంగా దుమ్ము, కిటికీ గొళ్లెం బిగుసుకుపోవడం, స్విచ్‌ల చుట్టూ గోడ శుభ్రంగా ఉండడం. ఇక్కడ రాక్ మీద దుమ్ము పేరుకుపోయి ఉంది, ఫ్యాను రెక్కలు మాత్రం తుడిచి ఉన్నాయి. మంచం తలవైపు గోడకు నూనె మరక ఉంది, తాజాది. కిటికీలో టార్చిలైటు, మూతపెట్టిన నీళ్ల గ్లాసు, ఒక మాత్రల షీటు. దుప్పటి ఆ వారంలో ఉతికినదే.

ఎవరు పడుకుంటున్నారని నేరుగా అడిగి ఉంటే జవాబు వచ్చేది కాదు. భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో పడుకోవడం మన ఇళ్లలో బయటివాళ్లకు చెప్పే సంగతి కాదు, పిల్లలకైతే అసలే చెప్పరు. అందుకని నడవాలో లైట్ల గురించి మామగారిని విడిగా అడిగాం. "రాత్రిళ్లు లేచినప్పుడు మీకు వెలుగు ఎక్కడ కావాలండీ?" ఆయన వెంటనే అబ్బాయి గది గుమ్మం దగ్గర నిలబడి, బాత్రూమ్ వైపు చెయ్యి చూపించి, "ఇక్కణ్ణుంచి అక్కడిదాకా ఉంటే చాలు" అన్నారు.

ఆ తర్వాత అత్తగారు తానే చెప్పారు. మూడేళ్లుగా ఆయన రాత్రికి మూడు నాలుగు సార్లు లేస్తున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల కింద కూర్చునే దొడ్డి వాడలేరు. పైగా గురక, ఆమెకు నిద్రుండదు. అందుకే ఆయన అబ్బాయి గదికి మారారు. పోయినసారి పిల్లలు వచ్చినప్పుడు హాల్లో దివాను మీద పడుకున్నారు. రాత్రిళ్లు లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశారు. నెల తిరక్కుండానే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం. "అబ్బాయికి చెబితే హోటల్లో దిగుతానంటాడు, అమ్మాయికి చెబితే వాళ్ల అన్నయ్యతో గొడవ పడుతుంది. గది అలాగే ఉంచాలని అంటే సరిపోతుందిలే అనుకున్నానండీ."

గది మీద మమకారం అబద్ధమేమీ కాదు. ఆ షీల్డులు ఆమె వారం వారం తుడుస్తుంది. కానీ గది ఇవ్వననడానికి కారణం ఆ మమకారం కాదు. కొడుకు అడిగినట్టు మాటలతో ఒప్పించి ఖాళీ చేయిస్తే మామగారు మళ్లీ దివాను మీదికే వెళ్లేవారు. అందుకని పని క్రమం మార్చాం: ముందు ఆయన పడక తేలాలి, ఆ తర్వాతే అబ్బాయి గది ముట్టుకోవాలి.

ఆయన పడక ఎక్కడ?

మూడు దారులు కనిపించాయి. పెద్దవాళ్ల గదిలో దొడ్డి తీసి కమోడ్ పెట్టడం మొదటిది. నేల తవ్వి పైపులైను వాలు మార్చాలి, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ మళ్లీ వేయాలి, కనీసం రెండు వారాలు ఆ బాత్రూమ్ పనికిరాదు. అంత చేసినా గురక సంగతి అలాగే ఉంటుంది. పక్కన పెట్టాం.

హాల్లో దివాను రెండోది. పోయినసారి చీకటి వల్ల ఇబ్బంది అయిందేమో, దారిలో లైట్లు పెడితే సరిపోతుందని మామగారే అన్నారు. మూడు రాత్రులు చూద్దామని అడుగడుగునా తాత్కాలిక లైట్లు పెట్టించాం. టేపుతో కొలిస్తే దివాను నుంచి కమోడ్‌కు 38 అడుగులు, మధ్యలో ఒక మెట్టు, రెండు మలుపులు. రెండో రాత్రికే ఆయన మళ్లీ సాయంత్రం నీళ్లు తగ్గించారు. వెలుగు ఉన్నా దూరం తగ్గలేదు, కోడలు ఉన్న గది గుమ్మం ముందునుంచి నాలుగుసార్లు తిరగాలన్న మొహమాటం కూడా తగ్గలేదు. ఈ పరీక్ష వల్ల ఒక లాభం కలిగింది. హాలు కుదరదని ఆయన నోటివెంటే వచ్చింది, భార్య చాటున దాక్కోవాల్సిన అవసరం పోయింది.

మూడోది కూతురి గది. అక్కణ్ణుంచి కమోడ్‌కు 17 అడుగులు, మెట్టు లేదు. కాకపోతే డ్రమ్ములూ జాడీలూ కదలాలి. అత్తగారు దీనికి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. తన వంటసామాను ఎక్కడికి వెళ్లాలో తానే చెప్పారు కాబట్టి అది సాధ్యమైంది. అమ్మాయికి మాత్రం ముందు ఫోన్ చేసి అడగమని పట్టుబట్టాం. వస్తువులు లేకపోయినా అది ఆమె గదే. "నా గది బియ్యానికిచ్చారు, ఇప్పుడు నాన్నకిస్తే నాకేం అభ్యంతరం?" అందామె. ఆ మాటలో ఉన్న నొప్పి అత్తగారికి అందింది.

బియ్యం డ్రమ్ములు వంటింటి వెనక వసారాలో, బయటిగోడకు అరడుగు ఎడంగా, 4 అంగుళాల చెక్కపీటల మీద పెట్టించాం. గోడకు ఆనిస్తే చెమ్మ పట్టి పురుగు చేరుతుంది. హాల్లో దివాను కూతురి గదిలోకి వెళ్లింది. దాని ఎత్తు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తక్కువ. కింద దిమ్మెలు పెడితే మొజాయిక్ నేల మీద జారతాయి, అందుకని వడ్రంగి చేత కాళ్లకు 4 అంగుళాల అతుకు వేయించి బోల్టులు బిగించాం. పరుపుతో కలిపి 20 అంగుళాలు వచ్చింది, చేతుల ఊతం లేకుండా లేవగలుగుతున్నారు. నడవాలో నేలకు అడుగు ఎత్తున రెండు అర వాట్ పసుపురంగు లైట్లు. పైన ట్యూబులైటు వేస్తే కళ్లు చెదిరి నిద్ర తేలిపోతుంది. కమోడ్ పక్కన గోడకు స్టీలు పట్టుకమ్మీ, నేలనుంచి 33 అంగుళాల ఎత్తున. అది టైలుకు కాకుండా వెనక ఇటుకగోడకు పట్టేలా పొడుగు స్క్రూలు వాడాలి. మూత్రం సంగతి మా పని కాదు, డాక్టర్ని అడగమన్నాం, అడిగారు.

అబ్బాయి గది

ఇక్కడికి వచ్చేసరికి అత్తగారి మొండిపట్టు ఏమీ మిగల్లేదు. అయినా మంచం మాత్రం బయటికి పోకూడదన్నారు. నిజానికి ఆ మంచం మంచి టేకుది, తీసేయడానికి కారణమూ లేదు. దానికి సరిజోడుగా, అదే ఎత్తులో ఇంకో సింగిల్ మంచం చేయించాం. ఒక్కో పరుపు 36 అంగుళాలకు 75. రెండు చట్రాల పక్కపట్టీలకు రంధ్రాలు కొట్టి, తలవైపొకటి, కాళ్లవైపొకటి 8 మిల్లీమీటర్ల బోల్టు, చేత్తో తిప్పే రెక్కల నట్టు. బిగించకపోతే మంచాలు రాత్రికి కాస్త కాస్తగా విడిపోయి మధ్య సందులో పిల్ల కాలు ఇరుక్కుంటుంది. రెండు పరుపుల మీదా ఒకే 2 అంగుళాల పలుచని పరుపు పరిచాం. వాళ్లు వెళ్లాక నట్టు విప్పితే మళ్లీ రెండు సింగిల్ మంచాలే. కూతురు, అల్లుడు వచ్చినా అవే పనికొస్తాయి.

జంట వెడల్పు చట్రాలతో 76 అంగుళాలు, గది వెడల్పు 120, పక్కన 44 మిగులుతుంది. ఒక బీరువాను ఆ ఖాళీ జాగా చివర, కాళ్లవైపు గోడకు పెడితే దాని 36 అంగుళాల వెడల్పు అందులో పడుతుంది, తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయి. ఏళ్లుగా బీరువా ఆనుకున్న బయటిగోడకు నల్లబూజు పట్టింది. దాన్ని గీకి, ఆరబెట్టి, రంగు వేయించాం, ఈసారి గోడకు 3 అంగుళాలు ఎడం ఉంచాం. బీరువా పైభాగాన్ని ఎల్ ఆకారపు పట్టీతో గోడకు బిగించాం. రెండున్నరేళ్ల పిల్ల కింది అర పట్టుకుని ఎక్కితే మీద పడే బరువు అది. రెండో బీరువా మామగారి గదికి వెళ్లింది.

పాపకు పిల్లికూతలు రావడానికి ఆ గదిలో కారణాలు చాలానే ఉన్నాయి: పాత బూరుగుదూది పరుపు, పుస్తకాల దుమ్ము, గోడబూజు. ఇంకొకటి బీరువాల నిండా కలరా ఉండలు. ఇది అమ్మమ్మలకూ నాయనమ్మలకూ తప్పక చెప్పాల్సిన సంగతి. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు, దుప్పట్లు పసిపిల్లలకు వాడకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత, కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. ఉండలన్నీ తీసేసి, బీరువాలు రెండు వారాలు తెరిచి ఉంచి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టించాం. పాత పరుపులోని దూది ఏకించి అత్తగారు హాలుకు బాలీసులు కుట్టించారు. పాప గదిలోకి అవి రాకూడదన్నది ఒక్కటే షరతు.

రంగు పని నవంబరులోనే ముగించాం. ఒక కారణం వాసన, రంగు వేశాక కనీసం మూడు వారాలు కిటికీలు తెరిచి ఉంచాలి. రెండోది, ధనుర్మాసం మొదలయ్యాక సామాను కదపడానికి అత్తగారు ఇష్టపడరు. కార్తీకం వెళ్లేలోపు పూర్తిచేస్తామని ముందే మాటిచ్చాం.

పుస్తకాల దగ్గర "ఏవి పారేద్దాం?" అన్న ప్రశ్నే రాలేదు. "ఏది ఏ పెట్టెలోకి?" అని మాత్రమే అడిగాం. 25 లీటర్ల మూతపెట్టెలు వాడాం. వరసగా పేర్చిన పుస్తకాలు అడుగుకు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. పెద్ద పెట్టె నింపితే అటక మీదికి ఎత్తేవాళ్ల నడుం పట్టేస్తుంది, పెద్దవాళ్లు మళ్లీ దాన్ని దించనే దించరు. ఒక్కో పెట్టెలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, పైన తెలుగులో చీటీ, మొత్తం జాబితా బీరువా తలుపు లోపల అంటించాం. వేపాకు వేస్తామన్నారు, పూర్తిగా ఎండకపోతే అదే చెమ్మ తెస్తుందని వద్దన్నాం. షీల్డులు గోడ మీదే ఉండనిచ్చాం, వాటి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. జిరాక్సులను మాత్రం కొడుకు వీడియో కాల్‌లో చూసి తానే తీసేయమన్నాడు. ఆ మాట అతని నోటితోనే రావడంతో అమ్మకు బరువు తగ్గింది.

ఎవరు ఎవరికి చెప్పాలి

కోడలు ఇక్కణ్ణుంచే పనిచేయాలి. చలికాలంలో టెక్సాస్ సమయం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. తెల్లవారుజామున ఐదింటికి పడుకునే మనిషి పదకొండింటికి లేస్తే పోయినసారి దానికి బద్ధకం అని పేరు వచ్చింది. ఆ సమయాల సంగతి తల్లికి కొడుకే, రాకముందే చెప్పాలన్నాం. కోడలు చెబితే అది సంజాయిషీలా వినబడుతుంది. పాప నిద్రపోయే గదిలో పని కుదరదు కాబట్టి తలుపున్న ముందుగదిలో బల్ల వేసి, రౌటర్ నుంచి 15 మీటర్ల కేబుల్ లాగించాం. తొమ్మిదంగుళాల ఇటుకగోడలు రెండు దాటితే వైఫై మీటింగులకు చాలదు. ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఏహెచ్‌ది ఉంది, ల్యాప్‌టాప్, రౌటర్, ఒక ఫ్యానుకు అది ధారాళంగా సరిపోతుంది.

మామగారి పడక సంగతి కొడుక్కి ఎలా చెప్పాలన్నదే కష్టమైంది. మేం చెప్పడం న్యాయం కాదు, అది ఆయన ఆరోగ్యం. "నాన్నగారికి బాత్రూమ్ దగ్గర గది కావాలి, అమ్మాయి గది ఆయనకు సర్దాం" అన్న ఒక్క వాక్యం అత్తగారే చెప్పేలా కుదుర్చుకున్నాం. గురక మాట రాలేదు, రావలసిన అవసరమూ లేదు. కొడుక్కి మిగతాది అర్థమైంది. పోయినసారి తాము ఎవరి మంచం మీద పడుకున్నారో తెలిశాక కోడలు అత్తగారికి తానే ఫోన్ చేసింది.

ఫలితం

అనుకున్నన్ని రోజులూ ఉన్నారు. పాపకు భోగిమంట పొగ పడక ఒకరోజు నెబులైజర్ పెట్టాల్సి వచ్చింది, గదిలో మాత్రం ఇబ్బంది రాలేదు. పొద్దున కాఫీ విషయంలో చిన్నచిన్న విసుగులు వచ్చాయట, పోయాయట. మామగారు ఆ తర్వాత కూడా కూతురి గదిలోనే ఉన్నారు. ఇప్పుడది నాన్నగారి గది, ఎవరూ దాచడం లేదు.

తేలకుండా మిగిలింది కూతురి విషయం. డ్రమ్ములు కదిపినప్పుడు వాటి వెనక ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో ఆమె పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డ్రాయింగులు ఉన్నాయి, సగం చెదలు తినేశాయి. కొడుకు కాగితాలు మాత్రం బీరువా లాకర్‌లో ప్లాస్టిక్ ఫోల్డరులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పదో తరగతి డూప్లికేట్ మెమోకు చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి. మామగారే బడికి వెళ్లి ఆ పని మొదలుపెట్టారు. డ్రాయింగులకు డూప్లికేట్ ఉండదు. మిగిలిన వాటిని బ్రష్‌తో దులిపి, ఎండలో కాకుండా నీడన ఆరబెట్టి, ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టి ఇచ్చాం. ఆమె వాటిని హైదరాబాద్ తీసుకెళ్లకుండా అబ్బాయి గది బీరువాలో పై అర అడిగి తీసుకుని అందులో పెట్టుకుంది. ఆ అర తాళంచెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.